ఆటలో అరటిపండు

మధ్యాహ్నం భోజనాలయ్యాక అంట్లు సింకులో పడేసి, వంటిల్లు ఓసారి తుడిచి, కాస్త నడుం వాల్చబోతూ ఫోను చేతిలోకి తీసుకుంటారు కదూ మీరు? నేనూ అంతే. ఒక్క ఆట ఆడి కళ్ళు మూసుకుందాం అనుకుంటాను. ఒకటి కాస్తా మూడవుతుంది, మూడు ఆరవుతాయి, ఈలోగా పాలవాడొచ్చి బెల్లు కొడతాడు. ఇందులో పెద్ద విశేషం ఏముందంటారా? ఉంది. నేను ఫోనులో లూడో ఆడి మా ఆడపడుచుతో ఏడు నెలలు మాట్లాడలేదు. నవ్వకండి. నవ్వే ముందు మీ ఇంటి వాట్సాప్ గ్రూపులో ఎవరు ఎవరితో ఎందుకు మాట్లాడటం లేదో ఓసారి చూసుకోండి.

అసలు ఆ ఆట మేం మొదలుపెట్టింది మా అత్తయ్యగారి కోసం. మామయ్యగారు 2019లో పోయారు. ఆవిడ పాలకొల్లులో సొంతింట్లో ఒక్కరే ఉండిపోయారు. విజయవాడ రమ్మంటే సంవత్సరీకం అయ్యాక వస్తానన్నారు. ఈలోగా 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చిపడింది. పనిమనిషి రావడం మానేసింది, ఇరుగుపొరుగు తలుపులు వేసుకున్నారు. అప్పుడు దూరదర్శన్‌లో పాత రామాయణం మళ్ళీ వేశారు, గుర్తుందా? పొద్దున్న తొమ్మిదికి ఒకటి, రాత్రి తొమ్మిదికి ఒకటి. ఆ రెండు గంటలూ ఆవిడకి కాలక్షేపం. మిగతా పగలంతా గోడమీది మామయ్యగారి ఫోటో చూస్తూ కూర్చోవడమే. ఫోను చేస్తే, "ఏముందమ్మా, తిన్నాను, కూర్చున్నాను" అనేవారు. ఆ మాట వింటే నాకు అన్నం సహించేది కాదు.

బెంగుళూరులో ఉన్న మా తోడికోడలికి వచ్చింది ఈ ఆలోచన. "అక్కా, అత్తయ్యకి అష్టాచెమ్మా అంటే ప్రాణం కదా, ఫోనులో లూడో నేర్పిద్దాం" అంది. పక్కింటి కుర్రాడు ప్రహరీగోడ మీంచి ఫోను అందుకుని ఆట ఎక్కించి, శానిటైజరుతో తుడిచి మళ్ళీ అందించాడు. ఆటలో ఒకరు గది తెరిస్తే ఒక నంబరు వస్తుంది. అది మిగతావాళ్ళకి పంపితే నలుగురూ నాలుగు ఊళ్ళ నుంచి ఒకే పటం మీద చేరతారు. అత్తయ్యగారిది ఎరుపు, "కుంకుమ రంగు నాకే ఉంచండి" అన్నారు. నాది ఆకుపచ్చ. హైదరాబాదులో ఉన్న మా వదినది, అంటే మావారి అక్కగారిది, నీలం. తోడికోడలిది పసుపు. రోజూ సరిగ్గా రెండున్నరకి.

చెప్పొద్దూ, మొదటి నెల ఎంత బాగుందో! ఆరు పడితే అత్తయ్యగారు ఫోనులో కేక వేసేవారు. కాయ ఇంటికి చేరితే "పండిందర్రా!" అనేవారు. పొద్దున్నే ఫోను చేసి, "ఇవాళ తొందరగా వండుకో, నిన్న నీ వంకాయ కూర అవకపోబట్టి ఆట పావుగంట ఆలస్యమైంది" అని నన్ను కేకలేసేవారు. తిన్నాను, కూర్చున్నాను అనే మాట మాయమైపోయింది.

ఇక్కడ మా అత్తవారింటి అష్టాచెమ్మా సంగతి చెప్పాలి. ఎండాకాలం సెలవుల్లో పిల్లలందరూ పాలకొల్లు చేరేవారు. వీధి అరుగు మీద అత్తయ్యగారు సుద్దముక్కతో పటం గీసేవారు. అయిదు వరసలు, వరసకి అయిదు గళ్ళు, నాలుగు గవ్వలు, చింతపిక్కలో విరిగిన గాజుముక్కలో కాయలు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, అన్నీ బోర్లా పడితే అష్ట. గవ్వ పక్కకి ఒరిగితే అది బోర్లానా వెల్లకిలానా అని పది నిమిషాల తగువు. తొండి అంటే తొండి అని గోల. ఆ గోలలో మా వదిన రెండోవాడు, నాలుగేళ్ళవాడు, నేనూ ఆడతానని ఏడిస్తే, "వాడు అరటిపండురా, ఆడనివ్వండి" అనేవారు అత్తయ్యగారు. ఆటలో అరటిపండు అంటే మీకు తెలియనిదేముంది? ఆటలో ఉంటాడు, కానీ లెక్కలోకి రాడు. వాడి కాయని ఎవరూ చంపరు. వాడు తప్పు గడిలో పెట్టినా ఎవరూ ఏమనరు. వాడు గెలిచాననుకుంటాడు, మనం అవునంటాం. మా ఇంట్లో ప్రతి ఆటలోనూ ఒక అరటిపండు ఉండేది. ఒక్కోసారి జ్వరం వచ్చి లేచిన పిల్ల, ఒక్కోసారి మామయ్యగారే.

ఫోను ఆటకి అరటిపండు అంటే తెలీదు. అక్కడ అందరూ లెక్కే.

లెక్క అంటే ఎలాంటి లెక్క అనుకున్నారు! ఆట మొదలుపెట్టాలంటే ప్రతివాళ్ళూ కొన్ని నాణాలు పెట్టాలి. నిజం డబ్బు కాదు, బొమ్మ నాణాలే, ఆటే ఇస్తుంది, ఆటే తీసుకుంటుంది. కానీ పోయినప్పుడు నిజంగా పర్సులోంచి పోయినట్టే ఉంటుంది. పేరు పక్కన మనం ఎన్నో మెట్టులో ఉన్నామో అంకె కనిపిస్తూ ఉంటుంది. వదిన పేరు పక్కన అంకె పెరుగుతుంటే నాకు కంట్లో నలుసు పడ్డట్టుండేది. అది చాలదన్నట్టు నేను పాలలెక్క పుస్తకం వెనక పేజీలో గెలుపులు రాయడం మొదలుపెట్టాను. మే నెల: వదిన 11, నేను 9, తోడికోడలు 8, అత్తయ్య 3. జూన్‌లో వదిన కంటే ఒక్కటైనా ఎక్కువ రాయాలని, ఆట కాగానే "ఇంకొకటి, ఇంకొకటి" అనేదాన్ని. అత్తయ్యగారు "నాకు నడుం నొప్పిగా ఉందే" అన్నా వదిలేదాన్ని కాదు.

ఇంకోటి గడువు. వంతు వచ్చాక కొద్ది క్షణాల్లో కాయ కదపాలి. కదపకపోతే వంతు పోతుంది, అలా కొన్నిసార్లు పోతే ఆటలోంచే తోసేస్తుంది. అత్తయ్యగారి వేళ్ళు వణుకుతాయి. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని వేలు పెట్టేసరికి గడువు అయిపోయేది. అప్పుడు మేం ముగ్గురం ఏం చేసేవాళ్ళమో తెలుసా? ఆటలో రెడీమేడు మాటలూ, ముఖాల బొమ్మలూ ఉంటాయి. "త్వరగా" అని ఒకటి, ఆవలింత బొమ్మ ఒకటి, కోపం బొమ్మ ఒకటి. వరసగా నొక్కేవాళ్ళం. ఎదురుగా అరుగు మీద కూర్చుని ఉంటే డెబ్భై రెండేళ్ళ ఆవిడ ముఖాన ఆవలించి చూపిస్తామా చెప్పండి? నోరు తెరుస్తామా? వేలికి ఆ సిగ్గు లేదు.

సరే, అసలు కథకి వస్తాను. 2020 జూలై 30, గురువారం. మర్నాడు వరలక్ష్మీ వ్రతం. శనగలు నానబోసి ఆటకి కూర్చున్నాను. ఆ నెల వదినా నేనూ సమానంగా ఉన్నాం. నావి మూడు కాయలు పండాయి, నాలుగోది ఇంటి గుమ్మం దాకా వచ్చింది. వదినదీ అంతే. ఇద్దరి వెనకాలా అత్తయ్యగారి ఎర్ర కాయలు చెరొకటి ఉన్నాయి. ఆవిడకి నాలుగు పడింది. ఒక కాయ కదిపితే నేను చస్తాను, ఇంకోటి కదిపితే వదిన చస్తుంది. ఆవిడ నన్ను చంపారు. పటం చుట్టూ తిరిగొచ్చిన నా ఆకుపచ్చ కాయ మళ్ళీ మొదటికి వెళ్ళిపోయింది. వదిన గెలిచింది, నవ్వు బొమ్మ పంపింది. ఒకటి కాదు, అయిదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. గ్రూపులో రాశాను: "కూతురి కాయకి కళ్ళు, కోడలి కాయకి కత్తి. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నదేగా!"

అక్షరాలా అదే రాశాను. ఇప్పుడు మీకు రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి. వదిన ఊరుకుంటుందా? "ఆటలో కూడా అమ్మని అంటావా" అంది. నేను గృహప్రవేశం నాడు నాకు పెట్టిన చీర సంగతి ఎత్తాను. ఆవిడ నా పురుడు సంగతి ఎత్తింది. తోడికోడలు "అక్కా, ప్లీజ్" అని చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. వదిన గ్రూపులోంచి వెళ్ళిపోయింది. అత్తయ్యగారు మాత్రం ఏమీ రాయలేదు. ఆవిడ చదివినట్టు రెండు నీలం గీతలు మాత్రం పడ్డాయి.

మర్నాడు వ్రతం పూర్తయ్యాక రివాజుగా ఫోను చేశారు. తోరాలు కట్టుకున్నారా, పూర్ణాలు బాగా వచ్చాయా అని అడిగారు. పెట్టేసే ముందు, "నాకు ఆ ఆట సరిగ్గా రాదులే అమ్మా. మీరు ముగ్గురూ ఆడుకోండి" అన్నారు. ఆ పైవారం ఫోను చేసి ఏం చేస్తున్నారంటే, "ఏముందమ్మా, తిన్నాను, కూర్చున్నాను" అన్నారు.

ఆటతో ఆగిందా నేను? లేదు. ఇంట్లోవాళ్ళు లేకపోతేనేం, ఆటే ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళని తెచ్చి ఎదురుగా కూర్చోబెడుతుంది. రాత్రి మావారు పడుకున్నాక ఆడేదాన్ని. అక్కడి తీరు వేరు. ఓడిపోతాననుకున్నవాడు మధ్యలో లేచిపోతాడు. కాయని చంపితే ఏడుపు బొమ్మలు గుప్పిస్తాడు. ఒకసారి మాటలు వినిపించే సదుపాయం నొక్కితే, ఎవడో కుర్రాడు హిందీలో తిట్టిన తిట్టు నాకు అర్థం కాలేదు గానీ, అవతల గదిలో చదువుకుంటున్న మా వాడికి అర్థమైంది. గబుక్కున వచ్చి ఫోను లాక్కుని ఆపేశాడు. వాడి ముఖం ఎర్రబడింది. "అమ్మా, అవి వినకు" అన్నాడు. ఇంటర్ చదివే పిల్లాడు తల్లిని తిట్ల నుంచి కాపాడటం, చూశారా ఎంత దూరం వచ్చానో. కానీ నిజం చెప్పాలి. మర్నాడు మళ్ళీ ఆడాను. అంతేకాదు, ఓడిపోతున్న ఒకరెవరికో నేనూ నవ్వు బొమ్మలు పంపాను. ఆ పక్కనున్నది ఏ ముసలమ్మో, ఏ జబ్బు పిల్లాడో నాకేం తెలుసు? తెలుసుకోవాలనిపించలేదు.

మా వాడిదింకో ఆట. నలుగురు జట్టుగా తుపాకులు పట్టుకుని తిరిగే పబ్జీ. ఒకరోజు వాడి గదిలోంచి కేకలు. "నూబ్‌గాడివి, నీకెందుకురా ఆట, పోయి పడుకో" అని ఎవరినో తిడుతున్నాడు. పద్ధతిగా పెంచానని నేను గర్వపడే పిల్లాడు! లోపలికి వెళ్ళి చెడామడా తిట్టాను. వాడు తల దించుకునే విన్నాడు. మొత్తం విని, "రాంక్ పడిపోతుందమ్మా, వాడి వల్ల మా నలుగురిదీ" అన్నాడు. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అంటూ కాంకరర్ దాకా మెట్లుంటాయట. రోజులకి రోజులు కూర్చుని ఎక్కింది ఒక్క పూటలో జారిపోతుందట. "మరి ఊరికే సరదాకి ఆడుకోవచ్చుగా?" అన్నాను. వాడు నావైపు చూసి, "నువ్వు సరదాకే ఆడావా? నానమ్మ ఎందుకు మానేసింది?" అన్నాడు.

ఆ తరవాత మూడు వారాలకే, 2020 సెప్టెంబరులో, ప్రభుత్వం ఆ ఆటని నిషేధించింది. మా వాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మరుసటి ఏడాది అదే ఇంకో పేరుతో తిరిగొచ్చింది, వాడూ తిరిగి చేరాడనుకోండి. కానీ వాడి ప్రశ్నకి నేను జవాబు చెప్పలేదు.

అన్నట్టు, డబ్బు పెట్టి ఆడే ఆటల సంగతి కాదు నేను మాట్లాడుతున్నది. ఆ జబ్బు వేరు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణలో 2017లోనే నిషేధించారు, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం చేసింది. మంచి పని. మరి ఒక్క పైసా పోకుండా మనుషులు పోయే ఆటకి ఏ చట్టం చేస్తారు?

ఈ లూడో కూడా పరాయిదేం కాదు. మన పచ్చీసే. ఫతేపూర్ సిక్రీ కోట ముంగిట్లో రాతినేల మీద పచ్చీసు పటం పరిచి ఉంటుంది, అక్బరు అక్కడ మనుషుల్నే కాయలుగా నిలబెట్టి ఆడించేవాడని చెప్పుకుంటారు. ఆ ఆటనే ఇంగ్లండులో గవ్వలు తీసేసి పాచిక పెట్టి, 1896లో లూడో అని పేరు రిజిస్టరు చేయించారు. అది అట్టముక్కగా మన ఇళ్ళకి తిరిగొచ్చింది, వెనకవైపు పాములు నిచ్చెనలు. 2016లో ముంబయి కంపెనీ ఒకటి లూడో కింగ్ అని ఫోనులోకి దించాక, ఆ దారిలో ఇంకెన్నో వచ్చాయి. మేం ఆడినదాని పేరు ఎందుకు లెండి. తప్పు పటానిది కాదు. అదే పటం మీద అరుగు మీద మేం ఇరవై ఏళ్ళు తగువులాడుకుని, మళ్ళీ అదే పూట ఒకే కంచంలో మామిడికాయ ముక్కలు తిన్నాం. చంపిన కాయ తాలూకు మనిషి ఎదురుగా ఉండేది. మూతి ముడుచుకోవడం కనిపించేది. కనిపిస్తే చెయ్యి దానంతట అదే తగ్గేది. "పోనీలే, ఇంకో కాయ కదుపుతాను" అని ఎన్నిసార్లు అనలేదు మనం! ఫోనులో ఆకుపచ్చ, నీలం తప్ప ముఖం లేదు.

2021 ఫిబ్రవరిలో అత్తయ్యగారికి కంట్లో శుక్లం ముదిరిందని, ఆపరేషను చేయాలని భీమవరంలో డాక్టరుగారు చెప్పారు. నేను వెళ్ళి మూడు వారాలున్నాను. పూటపూటకీ చుక్కలు వేయడం, కంట్లో నీళ్ళు పడకుండా ముఖం తుడవడం, వంగనివ్వకుండా కాపలా కాయడం. ఆపరేషనైన పదో రోజో పన్నెండో రోజో, నేను అరుగు మీద పప్పు ఏరుతుంటే ఆవిడ పక్కన కూర్చుని నా ఫోను తీసుకున్నారు. తెర మీద లూడో బొమ్మ ఉంది. కాసేపు చూసి, ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి, మళ్ళీ చూసి అన్నారు: "ఇదేమిటే, ఇది నీలమా! ఆపరేషను కానిదాంతో చూస్తే నీ రంగూ దాని రంగూ ఒక్కలాగే ఉన్నాయి."

చేతిలో చేట అలాగే ఉండిపోయింది. తరవాత డాక్టరుగారిని అడిగితే, శుక్లం ముదిరితే కంటిలోని కటకం పసుపుపచ్చగా మారుతుందని, నీలం సరిగ్గా తెలియదని చెప్పారు. మరి ఆటలో ఏది కదపాలో ఎలా తెలిసేదండీ అని అత్తయ్యగారిని అడిగాను. "ఏది ఎగురుతుంటే దాన్ని నొక్కేదాన్ని. మీరు త్వరగా త్వరగా అనేవారుగా" అన్నారు. కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది.

ఒక మాట ఒప్పుకోవాలి మీ దగ్గర. ఆవిడకి శుభ్రంగా కనబడి, తెలిసే నా కాయని చంపారనుకోండి. కూతురి కాయని కావాలనే వదిలారనుకోండి. అయితే ఏం? కాయేగా! కళ్ళు బాగోలేవని తెలిసి కాబట్టి నేను కరిగిపోయాను గానీ, బాగుండి ఉంటే ఇవాళ్టికీ ఆ చీర సంగతి తలుచుకుంటూ కూర్చునేదాన్నేమో. అందుకే ఆ శుక్లాన్ని తలుచుకుంటే నాకు భయం వేస్తుంది.

ఆ సాయంత్రమే వదినకి ఫోను చేశాను. ఎత్తుతుందనుకోలేదు. ఎత్తింది. నేను ఏడుస్తూ మొదలుపెట్టాను, ఆవిడ అటునుంచి ఏడుస్తూ, "నేనూ అయిదు బొమ్మలు పంపకుండా ఉండాల్సింది" అంది. తరవాత ముక్కు చీది, "ఆ పాల పుస్తకం ఉందా, చింపేశావా?" అంది. చింపేశానని అబద్ధం చెప్పాను. విజయవాడ వెళ్ళాక నిజంగానే చింపేశాను. పాలవాడికి ఇవ్వాల్సిన బాకీ కూడా ఆ పేజీ వెనకే ఉందని తరవాత గుర్తొచ్చింది, అది వేరే రభస.

ఇప్పుడు మళ్ళీ ఆడుతున్నాం. అయితే ముందు నలుగురం వాట్సాప్‌లో ఒకే ఫోను కాల్లోకి చేరి, ఆ తరవాతే గది తెరుస్తాం. బొమ్మలు పంపం, అనదలుచుకున్నది నోటితోనే అంటాం. నోటితో అంటే నవ్వు కూడా వినిపిస్తుంది, ఎవరి ఇంట్లో కుక్కరు కూసిందో కూడా. ఒకే ఆట, మహా అయితే రెండు. అత్తయ్యగారి వంతు దాటిపోతే మిగతా ముగ్గురం మా వంతులు కూడా దాటేస్తాం. ఆటకి మేం ముగ్గురం నిద్రపోతున్నామనిపిస్తుందేమో పాపం. ముక్కూమొహం తెలియనివాళ్ళతోనూ అప్పుడప్పుడు ఆడతాను, అబద్ధమెందుకు. వాళ్ళ మాటలు వినబడకుండా ముందే మూసేస్తాను. అలా మూసుకునే సదుపాయం చాలా ఆటల్లో ఉంటుంది, వెతికి పెట్టుకోండి, మీ పిల్లలకీ చూపించండి. మా వాడు నాకు చూపించాడు.

రెండో కంటికి కూడా ఆపరేషను అయ్యాక అత్తయ్యగారికి రంగులన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి. ఆవలింతలూ లేవు, త్వరగా అనేవాళ్ళూ లేరు. ఇక చూడండి, ముగ్గురినీ వరసబెట్టి చంపుతున్నారు. మొన్న గుమ్మం దగ్గరికి వచ్చిన నా కాయని చంపి, "ఇది ఆకుపచ్చేనమ్మా, చూసే నొక్కాను" అన్నారు. వదిన పకపకా నవ్వింది. అరటిపండు కింద నన్ను వదిలెయ్యొచ్చు కదా అన్నాను. "నీకెన్నేళ్ళే?" అన్నారు.

ఇక ఉంటానండీ. రెండు ఇరవై అయిదు అయింది, ఆవిడ ఫోను వచ్చే వేళ. ఇంకా చారు పోపు పెట్టలేదు.